అప్పుడు మూడు ఓట్లు సరిపోయాయి, ఇప్పుడు సరిపోలేదు: అమెరికాలో అధ్యక్షుణ్ణి ఎదిరించడం ఎలా ఉంటుంది?

మా బాబాయి రోజూ రాత్రి భోంచేశాక టీవీ ముందు కూర్చుని అమెరికా వార్తలు వెతుక్కుంటాడు. కూతురు టెక్సస్‌లో ఉంది మరి. ఓ రోజు నన్ను అడిగాడు: "ఒరేయ్, ట్రంప్ రోజుకో ఆర్డర్ ఇస్తున్నాడు కదా, అక్కడ ప్రతిపక్ష నాయకుడు ఎవర్రా? ఆయన పేరు ఒక్కసారి కూడా వినపడదేం?"

మంచి ప్రశ్న. జవాబు మాత్రం మనకు మింగుడు పడదు, ఎందుకంటే అమెరికాలో మనం అనుకునే ప్రతిపక్ష నాయకుడి పదవే లేదు. 2024లో ఓడిపోయిన కమలా హారిస్‌కి ఈరోజు ఏ సభలోనూ కుర్చీ లేదు, ఓడిన రోజే కథ అయిపోయింది. ప్రతినిధుల సభలో హకీమ్ జెఫ్రీస్, సెనేట్‌లో చక్ షూమర్ మైనారిటీ నాయకులు. వాళ్లు తమ తమ సభల్లో తమ పార్టీ వాళ్లని నడిపించేవాళ్లు మాత్రమే, అధ్యక్షుడికి ఎదురుగా నిలబడి "సమాధానం చెప్పండి" అని అడిగే హక్కు వాళ్లకి లేదు, అసలు అధ్యక్షుడు ఏ సభలోనూ సభ్యుడే కాదు. అవిశ్వాస తీర్మానం అనే మాటే అక్కడ లేదు. అభిశంసన ఉంది కానీ దాంతో పదవి ఊడాలంటే సెనేట్‌లో మూడింట రెండు వంతులు కావాలి, ఇన్నేళ్ల చరిత్రలో ఆండ్రూ జాన్సన్, క్లింటన్, రెండుసార్లు ట్రంప్ అభిశంసనకి గురయ్యారు, ఒక్కరి పదవీ పోలేదు. అంటే నాలుగేళ్లూ అధ్యక్షుడు అధ్యక్షుడే.

మరి ఎదిరించేవాళ్లు ఏం చేస్తారు? ముఖ్యంగా ప్రోగ్రెసివ్‌లు, అంటే డెమొక్రటిక్ పార్టీకి ఎడమవైపున ఉన్న వర్గం. బెర్నీ సాండర్స్, అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్, మన చెన్నైలో పుట్టిన ప్రమీలా జయపాల్ లాంటివాళ్లు. అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా, బాగా డబ్బున్న వాళ్ల మీద పన్ను, కనీస వేతనం పెంపు, యూనియన్లకి బలం, ఇవీ వాళ్ల కోరికలు. సాండర్స్ అయితే కాగితం మీద డెమొక్రాట్ కూడా కాదు, ఇండిపెండెంట్‌గా గెలిచి వాళ్లతో కూర్చుంటాడు. సభలో 1991 నుంచి వీళ్లకో కాకస్, అంటే ఒకే ఆలోచన ఉన్న సభ్యుల బృందం, ఉంది, వందకు దగ్గరగా సభ్యులున్నారు. ఒకవైపు అధ్యక్షుడితో, ఇంకోవైపు సొంత పార్టీ పెద్దలతో ఏకకాలంలో పోట్లాడాల్సిన వర్గం ఇది. బయట నుంచి చూసేవాళ్లకి అర్థంకాని చిక్కు సగం ఇక్కడే ఉంది.

మిగతా సగం అర్థం కావాలంటే మన పార్టీ ఫిరాయింపుల చట్టం ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1985 నుంచి మన దగ్గర పార్టీ విప్ జారీ చేశాక ఎంపీ గానీ ఎమ్మెల్యే గానీ దానికి విరుద్ధంగా ఓటేస్తే పదవి పోగొట్టుకోవచ్చు. అందుకే మన ఊళ్లో అధికార పార్టీ ఎమ్మెల్యే ఇంటి ముందు ఎంత గొడవ చేసినా సభలో ఆయన ఓటు మారదు, మారడం ఆయన చేతిలోనూ లేదు. అమెరికాలో ఆ చట్టం లేదు. అధ్యక్షుడి పార్టీ సెనేటర్ లేచి నిలబడి "నేను ఒప్పుకోను" అని వ్యతిరేకంగా ఓటేసి, మర్నాడు అదే కుర్చీలో వచ్చి కూర్చోవచ్చు. కాబట్టి అక్కడ వ్యతిరేకోద్యమం గురి అధ్యక్షుడి మీద ఉండదు, ఉన్నా లాభం లేదు. గురి అంతా ఆయన పార్టీలోనే అటూ ఇటూ ఊగుతున్న ముగ్గురు నలుగురి మీద ఉంటుంది.

2017లో ఏం జరిగిందో చూస్తే ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

ఒబామా 2010 మార్చిలో సంతకం పెట్టిన ఆరోగ్య చట్టాన్ని రద్దు చేస్తానని చెప్పి ట్రంప్ గెలిచాడు. 2017 జనవరిలో రెండు సభలూ ఆయన పార్టీవే, సెనేట్‌లో 52 మంది. మామూలుగా సెనేట్‌లో ఏ బిల్లునైనా మైనారిటీ వాళ్లు అడ్డుకోవచ్చు, దీన్నే ఫిలిబస్టర్ అంటారు, చర్చ ముగించి ఓటింగ్‌కి వెళ్లాలంటేనే 100లో 60 ఓట్లు కావాలి. కానీ బడ్జెట్‌కి సంబంధించిన బిల్లులకి రికన్సిలియేషన్ అనే పక్కదారి ఉంది, అందులో సగం ఓట్లు చాలు, సమానమైతే ఉపాధ్యక్షుడు తన ఓటు వేస్తాడు. రిపబ్లికన్లు ఆ దారి పట్టుకున్నారు. లెక్క చాలా సింపుల్: 52లో ఇద్దరు పోయినా బిల్లు పాసవుతుంది, ముగ్గురు పోతే పోతుంది.

అప్పటికే, 2016 డిసెంబర్‌లో, కాంగ్రెస్‌లో, అంటే అక్కడి పార్లమెంటులో, స్టాఫ్‌గా పనిచేసి బయటికొచ్చిన కొంతమంది ఇంటర్నెట్‌లో ఒక గూగుల్ డాక్యుమెంట్ పెట్టారు, దాని పేరు ఇండివిజిబుల్ గైడ్. ఒబామా వచ్చిన కొత్తల్లో టీ పార్టీ అనే రిపబ్లికన్ వైపు ఉద్యమం వాళ్లు తమ ఆఫీసులని ఎలా కుదిపేశారో వాళ్లు లోపలి నుంచి చూసినవాళ్లు, అదే పద్ధతి ఇప్పుడు ఇటు వాడమన్నారు. అందులోని సలహాలు ఎంత చిన్నవో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మీ నియోజకవర్గం సభ్యుడికే ఫోన్ చేయండి, పక్క నియోజకవర్గం వాళ్ల కాల్ ఎవరూ పట్టించుకోరు. ఆయన ఊరికి వచ్చి పెట్టే మీటింగ్‌కి వెళ్లండి, ముందు వరసలో గుంపుగా కాకుండా హాలంతా సర్దుకుని కూర్చోండి. ఒక్క ప్రశ్న, స్పష్టంగా. ఆ ఫిబ్రవరిలో యూటాలో జేసన్ చాఫెట్జ్ మీటింగ్‌లో, అర్కాన్సాస్‌లో టామ్ కాటన్ మీటింగ్‌లో జనం కిక్కిరిసిపోయి, తమ జబ్బుల పేర్లు, తమ మందుల బిల్లులు చెప్పి నిలదీశారు. అవి రెండూ రిపబ్లికన్లకి పెట్టని కోటల్లాంటి రాష్ట్రాలు!

జూన్ 22న సెనేట్ తన బిల్లు ముసాయిదా బయటపెట్టింది. అదే రోజు అడాప్ట్ అనే వికలాంగుల సంఘం వాళ్లు వీల్‌చైర్లలో మెజారిటీ నాయకుడు మిచ్ మెకానెల్ ఆఫీసు ముందు కారిడార్‌కి చేరుకున్నారు. కొందరు వీల్‌చైర్ దిగి నేల మీద పడుకున్నారు. పోలీసులు కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తి బయటికి మోసుకెళ్లారు, 43 మందిని అరెస్టు చేశారు. వాళ్ల భయం చాలా నిర్దిష్టమైనది. పొద్దున మంచం మీంచి లేపి, స్నానం చేయించి, బట్టలు తొడిగే సహాయకుడికి జీతం ఇచ్చేది మెడికెయిడ్ అనే ప్రభుత్వ పథకం. అది తగ్గితే సొంతింట్లో బతకలేరు, నర్సింగ్ హోమ్‌లో చేరాలి. మన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు చూసుకుంటుంది, మెడికెయిడ్ కొందరికి రోజువారీ బతుకు మొత్తం చూసుకుంటుంది. ఆ ఫొటోలు మర్నాటికి దేశమంతా చూసింది.

జూలై 28, అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. అన్నీ తీసేసి చివరికి మిగిల్చిన చిన్న రద్దు బిల్లు మీద ఓటింగ్. మెయిన్ రాష్ట్రం నుంచి సుసాన్ కాలిన్స్, అలాస్కా నుంచి లీసా మర్కోవ్‌స్కీ అప్పటికే వ్యతిరేకం. మెదడు క్యాన్సర్ అని తొమ్మిది రోజుల ముందే లోకానికి తెలిసిన రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ సభలోకి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డ మెకానెల్‌కి ఎదురుగా ఆగి, కుడి చెయ్యి చాపి, బొటనవేలు కిందికి తిప్పి "నో" అన్నాడు. సభలో ఒక్కసారిగా అందరూ ఊపిరి బిగపట్టిన చప్పుడు, డెమొక్రాట్ల వైపు చప్పట్లు మొదలైతే షూమర్ చేత్తో ఆపమని సైగ చేశాడు. 49-51. బిల్లు పోయింది. ఆ రోజు కాలిన్స్ తన సొంత రాష్ట్రంలో బాంగర్ విమానాశ్రయంలో దిగితే అక్కడ ఎదురుచూస్తున్న ప్రయాణికులు చప్పట్లు కొట్టారు.

మెకెయిన్ ఆ ఓటు వీధిలో జనం అరిచారని వేశాడని నేను చెప్పను. బిల్లు పద్ధతిగా, కమిటీల్లో చర్చించి, రెండు పార్టీలూ కలిసి తేవాలని ఆయన అంతకుముందే సభలో చెప్పాడు. కానీ ఆ బిల్లు జనవరిలోనే ఎందుకు పాసవలేదు? ప్రతినిధుల సభలో మార్చిలో ఓటింగ్ పెట్టబోయి వెనక్కి తీసుకున్నారు, మే 4న 217-213తో గట్టెక్కించారు, సెనేట్‌కి వచ్చేసరికి వేసవి అయింది. పార్టీలోపల వాళ్లలో వాళ్లకే కుదరకపోవడం ఒక కారణం, ఊళ్లో జనాన్ని చూసి భయపడిపోవడం ఇంకో కారణం. వీధి ఉద్యమం ఓటు మార్చిందో లేదో గానీ టైమ్ సంపాదించి పెట్టింది. ఆ టైమ్‌లోనే బిల్లు లోపల ఏముందో జనానికి తెలిసింది.

ఇప్పుడు 2025కి రండి, అదే ట్రంప్, అదే మెడికెయిడ్, అదే రికన్సిలియేషన్ దారి.

ఈసారి బిల్లు పేరే "వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్". పన్ను తగ్గింపులు, సరిహద్దు భద్రత, మెడికెయిడ్ కోతలు అన్నీ ఒకే మూటలో కట్టారు. దీనివల్ల 2034 నాటికి దాదాపు కోటి మంది బీమా కోల్పోతారని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు అంచనా. జనం ఊరుకున్నారా అంటే లేదు. మార్చిలో సాండర్స్, ఒకాసియో-కోర్టెజ్ డెన్వర్‌లో పెట్టిన సభకి 30 వేల మందికి పైగా వచ్చారు, ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో అంతకన్నా ఎక్కువ. సెనేటర్ కోరీ బుకర్ 25 గంటల 5 నిమిషాలు కూర్చోకుండా మాట్లాడి 1957 నాటి రికార్డు బద్దలు కొట్టాడు. జూన్ 14న "నో కింగ్స్" పేరుతో దేశమంతా ఊరేగింపులు. 2017 కన్నా హడావుడి ఏమీ తక్కువ లేదు.

జూలై 1న సెనేట్‌లో రాత్రంతా సవరణల మీద ఓటింగ్ సాగి, చివరికి బిల్లు ఓటింగ్‌కి వచ్చింది. ఈసారి కూడా ముగ్గురు రిపబ్లికన్లు ఎదురు తిరిగారు: కాలిన్స్, నార్త్ కరోలినా నుంచి థామ్ టిల్లిస్, కెంటకీ నుంచి రాండ్ పాల్. ముగ్గురే, 2017లో లాగే. కానీ ఈసారి రిపబ్లికన్ల బలం 53. ముగ్గురు పోగా 50-50, ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ తన ఓటు వేశాడు, బిల్లు పాసైంది. జూలై 4న ట్రంప్ సంతకం.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఒక్క సీటు. 2024లో పెన్సిల్వేనియా సెనేట్ సీటులో డెమొక్రాట్ బాబ్ కేసీ దాదాపు 15 వేల ఓట్ల తేడాతో ఓడిపోయాడు. పోలైంది 70 లక్షలకు దగ్గర, అందులో 15 వేలంటే మన దగ్గర ఒక మండలంలో ఉండే ఓట్లు కూడా కావు. ఆయన గెలిచి ఉంటే రిపబ్లికన్ల బలం 52, అదే ముగ్గురు పోతే మళ్లీ 49-51. ఈ లెక్క వేసిన రోజు నాకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

అయితే లెక్క ఇంత సూటిగా ఉండదని కూడా చెప్పాలి. ఎంతమందిని వదులుకోవచ్చో పార్టీ నాయకత్వానికి ముందే తెలుసు, ఇంకొకరు కావాల్సి వస్తే ఇంకొకరిని బతిమాలతారు, బేరం ఆడతారు. మర్కోవ్‌స్కీ సంగతి చూడండి. 2017లో గట్టిగా నిలబడ్డ ఆవిడే ఈసారి అలాస్కాకి కొన్ని ప్రత్యేక మినహాయింపులు రాబట్టుకుని అవును అని ఓటేసింది. గ్రామీణ ఆసుపత్రుల కోసమని 5,000 కోట్ల డాలర్ల నిధి కూడా బిల్లులో చేర్చారు. రాండ్ పాల్ అయితే మెడికెయిడ్ మీద ప్రేమతో ఎదురు తిరగలేదు, అప్పు పెరిగిపోతోందని, అంటే కోతలు ఇంకా చాలవని ఆయన గొడవ. నిజంగా మెడికెయిడ్ కోసం తిరగబడ్డవాళ్లు ఇద్దరే.

ఆ ఇద్దరిలో టిల్లిస్‌కి ఏమైందో చూస్తే 2017కీ 2025కీ మధ్య ఏం మారిందో తెలుస్తుంది. శనివారం నాడు బిల్లు చర్చకి రావడానికి వ్యతిరేకంగా ఓటేశాడు, ఆ రాత్రే ట్రంప్ ఆయన మీద పోటీకి మనిషిని వెతుకుతానని ప్రకటించాడు, ఆదివారం టిల్లిస్ మళ్లీ పోటీ చేయనని చెప్పేశాడు. చెప్పేశాక సభలో నిలబడి, తన రాష్ట్రంలో 6 లక్షల 63 వేల మంది మెడికెయిడ్ పోగొట్టుకుంటారని, వాళ్లకి ఏం సమాధానం చెప్పాలని అడిగాడు. ఫిరాయింపుల చట్టం లేదన్నాను కదా. ఇప్పుడు దాని పని ప్రైమరీ ఎన్నిక చేస్తోంది. టికెట్ ఎవరికన్నది సొంత పార్టీ ఓటర్లు తేలుస్తారు, ఆ ఓటర్లు ట్రంప్ మాట వింటారు. ఊగేవాళ్లు తగ్గిపోతే వాళ్లని ఊపే ఉద్యమానికి పట్టు ఎక్కడ దొరుకుతుంది?

ఇంకో మార్పు కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2017 బిల్లు దెబ్బ వెంటనే కనపడేది. 2025 బిల్లులో మెడికెయిడ్ ఉండాలంటే నెలకి ఇన్ని గంటలు పని చేసినట్టు చూపించాలన్న షరతు 2027 మొదలయ్యేసరికి, ఒబామా చట్టం కింద మెడికెయిడ్‌ని ఎక్కువమందికి విస్తరించిన రాష్ట్రాల్లో అమల్లోకి రావాలని పెట్టారు, అంటే అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో కాంగ్రెస్‌కి జరిగే 2026 నవంబర్ మధ్యంతర ఎన్నికలు అయిపోయాక. ఇంకా తగలని దెబ్బ గురించి జనాన్ని లేపడం చాలా కష్టం.

ఇక 60 ఓట్ల సంగతి. ప్రభుత్వం నడవడానికి డబ్బు మంజూరు చేసే బిల్లుకి సెనేట్‌లో 60 కావాలి, అంటే డెమొక్రాట్లు కొందరైనా కలవాలి. ప్రోగ్రెసివ్‌ల వాదన ఏంటంటే మన చేతిలో ఉన్న ఒకే ఒక్క తాళం చెవి ఇది, ఊరికే ఇచ్చేస్తే ఎలా? 2025 మార్చిలో షూమర్, ఇంకో 9 మంది కలిసి దారి ఇచ్చేశారు. ప్రభుత్వం మూతపడితే ట్రంప్‌కి ఇంకా స్వేచ్ఛ దొరుకుతుందని షూమర్ వాదన. పార్టీ కింది స్థాయిలో కోపం కట్టలు తెంచుకుంది, ఒకాసియో-కోర్టెజ్ బహిరంగంగానే తప్పుపట్టింది. దాంతో అక్టోబర్ 1న ఇవ్వలేదు. ఒబామా చట్టం కింద బీమా కొనుక్కునేవాళ్లకి ఇస్తూ వచ్చిన అదనపు సబ్సిడీ 2025 చివరికి ఆగిపోనుంది, దాన్ని పొడిగిస్తేనే ఓటేస్తామన్నారు. ప్రభుత్వం 43 రోజులు మూతపడింది, అప్పటికి అమెరికా చరిత్రలోనే ఎక్కువ. విమానాశ్రయాల్లో కంట్రోలర్లు జీతం లేకుండా పనిచేశారు, నవంబర్‌లో 4 కోట్ల పైచిలుకు పేదలకి అందే ఆహార సాయానికి ఆటంకం కలిగింది. నవంబర్ 9 రాత్రి డెమొక్రాట్ల వైపు నుంచి 8 మంది 60 నిండేలా ఓటేశారు. ఆ 8 మందిలో ఒక్కరు కూడా 2026లో పోటీలో లేరు. బదులుగా దక్కింది సబ్సిడీ మీద డిసెంబర్‌లో ఓటింగ్ పెడతామన్న మాట. ఓటింగ్ పెట్టారు కూడా, 51 మంది అవునన్నారు, 48 మంది కాదన్నారు. 60 కావాలి కాబట్టి ఓడిపోయింది!

నా ఉద్దేశం చెప్తాను. ఆకలితో ఉన్న పిల్లల కడుపుని పందెంగా పెట్టి ఎక్కువ రోజులు ఎవరూ ఆడలేరు, కడుపు కాలితే బాధపడే పక్షమే ముందు దిగుతుంది. ఆ విషయంలో ఆ 8 మందిని ద్రోహులు అనడం నాకు నచ్చలేదు. కానీ 40 రోజులు పట్టుబట్టి, నవంబర్ 4న వర్జీనియా, న్యూజెర్సీ, న్యూయార్క్ సిటీ అన్నిచోట్లా గెలిచిన ఐదో రోజునే దిగిపోవడం ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ రోజు న్యూయార్క్‌లో సాండర్స్ వర్గానికి చెందిన జొహ్రాన్ మమ్దానీ మేయర్‌గా గెలిచాడు, మన హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచింది. ఊపు మొత్తం ఇటే ఉంది.

ఇదంతా సభల లోపలి సంగతి. మా బాబాయి కూతురి ఇంట్లో టెన్షన్ మాత్రం కోర్టు గురించి. తనూ భర్తా ఇద్దరూ తాత్కాలిక వీసాల మీదే ఉన్నారు, ఆగస్టులో డెలివరీ. ట్రంప్ పదవిలోకి వచ్చిన మొదటి రోజే ఇచ్చిన ఆర్డర్ ప్రకారం తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డ్ గానీ లేకపోతే అక్కడ పుట్టిన బిడ్డకి పౌరసత్వం రాదు. మూడు రోజుల్లోనే సియాటెల్‌లో జడ్జి జాన్ కఫనార్ ఆపేశారు. కేసులు వేసింది డెమొక్రాట్ అటార్నీ జనరళ్లు, అంటే రాష్ట్ర ప్రభుత్వం తరఫున కేసులు నడిపే న్యాయాధికారులు, ఉన్న రాష్ట్రాలు, వలసదారుల సంఘాలు. అమెరికాలో రాష్ట్రాల అటార్నీ జనరళ్లే సగం ప్రతిపక్షం, ఈ మాట మా బాబాయికి కూడా చెప్పాను. జూన్ 27న సుప్రీంకోర్టు 6-3తో ఇంకో మెలిక పెట్టింది, కింది కోర్టు జడ్జి ఒక్కరు దేశమంతటికీ వర్తించేలా ఆపకూడదని. దాంతో కేసు వేసిన 22 రాష్ట్రాల్లో ఒక రూలు, వేయని రాష్ట్రాల్లో ఇంకో రూలు వస్తుందేమో అన్న భయం పుట్టింది. టెక్సస్ కేసు వేయలేదు. న్యూజెర్సీలో ఉన్న తోడికోడలి దగ్గరికి డెలివరీకి వెళ్లాలా అని ఎనిమిదో నెలలో ఆ పిల్ల విమానం టికెట్లు చూసుకుంది. జూలై 10న న్యూ హాంప్‌షైర్‌లో జడ్జి జోసెఫ్ లప్లాంట్, అలాంటి పిల్లలందర్నీ ఒకే వర్గంగా తీసుకుని, క్లాస్ యాక్షన్ పద్ధతిలో మళ్లీ దేశమంతటా ఆపేశారు. టికెట్లు బుక్ చేయలేదు. బాబు డాలస్‌లోనే పుట్టాడు. 2025 డిసెంబర్ మొదటి వారంలో సుప్రీంకోర్టు అసలు కేసునే విచారణకి తీసుకుంది.

దీన్ని బట్టి ప్రోగ్రెసివ్‌లంతా మనవైపే అనుకుంటే మళ్లీ పొరపాటే. హెచ్-1బి గురించి సాండర్స్ అభిప్రాయం 2025 జనవరిలోనే తెగేసి చెప్పాడు: కంపెనీలు మంచి జీతాల ఉద్యోగాలని తక్కువ జీతానికి, కదలలేకుండా కట్టిపడేసిన విదేశీ ఉద్యోగులతో నింపుకోవడానికే ఆ వీసా వాడుతున్నాయని. కంపెనీ మారితే ఏమవుతుందో అని ఏళ్ల తరబడి నోరు మూసుకుని పనిచేసిన మనవాళ్లకి అందులో నిజం ఎంతుందో తెలుసు, ఆ నిజం పేరుతో దారి మూసుకుపోతుందేమోనన్న భయమూ తెలుసు. సెప్టెంబర్‌లో ట్రంప్ కొత్త హెచ్-1బి మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడు డిసెంబర్‌లో కోర్టుకెళ్లింది కాలిఫోర్నియా, మసాచుసెట్స్‌తో కలిపి 20 రాష్ట్రాలు, అన్నిచోట్లా డెమొక్రాట్ అటార్నీ జనరళ్లే. వాళ్ల పిటిషన్‌లో ముందుకు తెచ్చింది సాఫ్ట్‌వేర్ వాళ్లని కాదు, ఆ వీసా మీద వచ్చి ప్రభుత్వ బడుల్లో పాఠాలు చెప్పే టీచర్లని, ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లని.